బ్రేకులమ్మ ఇంగ్లీషులోకి మారిన నెల

కాదు మేడమ్, నేను ఒప్పుకోను. నిన్న సాయంత్రం మెట్ల దగ్గర నన్ను నిలబెట్టి, "తప్పు నాది, నా పేరు మీదే పోనీ, నువ్వు మధ్యలో దూరకు" అనేసి, నేను నోరు తెరిచేలోపే చెప్పులు టకటకలాడించుకుంటూ కిందికి దిగిపోయారు. మీతో వాదన ఎప్పుడూ అంతే, మీ వంతు అయిపోగానే వాదన కూడా అయిపోతుంది. ఇవాళ మైకు నా చేతిలో ఉంది. మీరేమో ఒక పక్క పెద్ద సారు, ఇంకో పక్క అంత లావు పూలగుత్తి, మధ్యలో ఇరుక్కుని కూర్చున్నారు. ఇప్పుడు ఎటు దిగిపోతారో చూస్తా. (నవ్వులు)

ఆ, ముందు నమస్కారాలు చెప్పాలట, మేనేజర్ గారు సైగ చేస్తున్నారు. చెప్తా సార్, మర్చిపోలేదు. మేడమ్ రిటైర్మెంటు సభకి పెద్దగా కూర్చున్న మా పెద్ద సారుకి, హెడ్డాఫీసు నుంచి పనిగట్టుకుని వచ్చిన అతిథి గారికి, మేనేజర్ గారికి, స్టోరు వాళ్ళకి, వైరింగు సెక్షన్ అన్నలకి, అక్కలకి, భోజనాల గదిలో బల్లలన్నీ గోడకి నెట్టి ఇదే హాలు అనుకోమన్న క్యాంటీన్ బాబాయికి, అందరికీ నమస్కారం. మేడమ్‌తో పాటు వచ్చిన వాళ్ళ చెల్లెలు గారికి కూడా. అమ్మా, మీరు మొదటి వరసలో కూర్చోండి, అక్కడ మీకు ఫ్యాను గాలి తప్ప ఇంకేమీ తగలదు.

నేనెవరో అతిథి గారికి తెలియదు కాబట్టి చెప్తా. నేను టెస్టింగు రూములో బటన్లు నొక్కేవాణ్ణి. మనం తయారుచేసేది లిఫ్టులు కాబట్టి, ఎవరో ఒకరు పొద్దుణ్ణించి సాయంత్రం దాకా బటన్లు నొక్కాలి, అది నేను. చదువు బడిలోనే మానేశాను, మాస్టారి మీద అలిగి. బావ, అంటే మా అక్క మొగుడు, ఇక్కడ లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో కూర్చుని గోడలు చూస్తున్నానని ఆయనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ఇక్కడ పడేశాడు. ఒక చోట కుదురుగా కూర్చోలేనని మేనేజర్ గారు ఎప్పుడూ తిడుతుంటారు, నిజమే. కానీ మేడమ్ గది ముందు మాత్రం కూర్చునేవాణ్ణి.

ఈవిణ్ణి మీరంతా ముందర మేడమ్ అంటారు, వెనక బ్రేకులమ్మ అంటారు. మేడమ్‌కి తెలుసు లెండి, అట్లా నాలుకలు కరుచుకోకండి. (నవ్వులు) లిఫ్టు ఎక్కడ ఆగాలో, ఎప్పుడు బ్రేకు వదలాలో, ఎప్పుడు వదలకూడదో, ఆ ప్రోగ్రామంతా ఈవిడ చేత్తో రాసిందే. మనం అమ్మిన ఏ లిఫ్టు ఎక్కినా, అది ఆగేది ఈవిడ మాట విని.

ప్రోగ్రాములో మిషను చదివే లైన్లు కొన్ని ఉంటాయి, మనుషులు చదువుకోవడానికి రాసుకునే లైన్లు కొన్ని ఉంటాయి. ఈ రెండో రకం వాటిని మిషను పట్టించుకోదు, పక్కనుంచి దాటుకుని పోతుంది. ఎందుకు ఇట్లా రాశాను, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి అని మన తర్వాత వచ్చేవాళ్ళకి చెప్పుకోవడమన్నమాట. మేడమ్ ఆ లైన్లు మన భాషలో రాసేవారు. మనం ఇప్పుడు మాట్లాడుకుంటున్నట్టే. ఒక చోట ఇట్లా ఉండేది: "ఇక్కడ తలుపు రెండోసారి మూసుకుంటుంది, ఎందుకంటే మొదటిసారి ఎవరో ఒకరు చెయ్యి అడ్డం పెడతారు, మనుషులంతే, మార్చలేం." ఇంకోచోట: "ఈ లెక్క ఎందుకు సరిపోతోందో నాకే తెలియదు, సరిపోతోంది. తెలిసినవాళ్ళు వచ్చి నాకు చెప్పండి, టీ నేను ఇప్పిస్తా." (నవ్వులు) టీ మాత్రం ఎవరూ తాగలేదు.

నాకు ప్రోగ్రాము రాదు, ఇప్పటికీ సగం అర్థం కాదు. కానీ బటన్ నొక్కితే లైటు వెలగకపోతే ఎందుకు వెలగలేదో చూద్దామని ఆ లైన్లు చదివేవాణ్ణి. చదువుతుంటే ఈవిడ పక్కనే కూర్చుని చెప్తున్నట్టే ఉండేది, ఆ విసుగుతో సహా.

సరే, అక్కడిదాకా బాగుంది. తర్వాత కొత్తాయన వచ్చారు. అదిగో, మూడో వరసలో, గళ్ళ చొక్కా. చేతులు కట్టుకుని కూర్చున్నారు, పక్కన స్టోరు గుమాస్తా ఆయన చెవిలో నా మాటలన్నీ ఇంగ్లీషులో చెప్తున్నాడు. గుమాస్తా అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్పు, నీ సొంత మసాలా వెయ్యకు. (నవ్వులు) కొత్తాయనకి మన భాష రాదు. ఆయనది వేరే ఊరు, వేరే భాష. పని బాగా తెలిసినవాడు, నెమ్మదస్తుడు. మరి ఆయన ఈ ప్రోగ్రాము చూడాలి కదా, ఎట్లా చదువుతాడు? అప్పుడు మేనేజర్ గారు అన్నారు, ఇకమీదట అన్నీ ఇంగ్లీషులోనే రాయాలి, పాతవి కూడా మార్చాలి అని. ఆ మాటలో తప్పేం లేదు. నేను ఇంగ్లీషు వద్దనట్లేదు, అతిథి గారు అట్లా రాసుకోకండి. మనిషికి అర్థం కావాలంటే అర్థమయ్యే భాషలో చెప్పాల్సిందే, ఎవరైనా ఒప్పుకుంటారు.

కానీ ఎట్లా మార్చమన్నారు? నెల గడువు పెట్టారు. గోడ మీద చార్టు అంటించారు, ఒక్కొక్కరి పేరు, పక్కన ఎరుపు, పచ్చ. ఇంగ్లీషులోకి మార్చినకొద్దీ ఎరుపు తగ్గి పచ్చ పెరుగుతుంది. టీకి వెళ్ళేవాళ్ళంతా ఆ చార్టు ముందు నుంచే వెళ్ళాలి. మేడమ్ పేరు పక్కన అంతా ఎరుపే, ఎందుకంటే ఎక్కువ రాసింది ఈవిడే కదా. వైరింగు అన్నలు ఆట పట్టించేవాళ్ళు, "ఏంటి బ్రేకులమ్మా, సిగ్నల్ పడిందా" అని. మీరు నవ్వేవారు. నేను చూశాను, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయేది.

ఇప్పుడు చెప్పేదానికి మీకు కోపం వస్తుంది మేడమ్. రానీయండి.

ఈవిడ ఇంగ్లీషు చదువుతారు. ఇంత లావు మాన్యువళ్ళు తిరగేసి పడేస్తారు. రాయడం వేరు. మనసులో ఉన్నది ఉన్నట్టు, ఎందుకు, ఏమిటి, ఎవరికి ఏమవుతుంది అని పరాయి భాషలో రాయడం వేరు. ఆ నెలంతా ఈవిడ గది తలుపు వేసుకుని కూర్చున్నారు. ఒక లైను రాసేవారు, చెరిపేవారు. మళ్ళీ రాసేవారు. టీ పెట్టి వస్తే టీ మీద మీగడ కట్టి అట్లాగే ఉండేది. ఒకరోజు మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళి ఇంకాస్త టైము కావాలని అడిగారు. అప్పుడు మీరేమన్నారు సార్? "మేడమ్, అంత కథ ఎందుకు, సింపుల్‌గా రాసెయ్యండి, షార్ట్‌గా రాసెయ్యండి" అన్నారు.

(మేనేజర్ గారు: "మంచి మాటే కదయ్యా అన్నది, ఇప్పుడవన్నీ ఎందుకు?")

మంచి మాటే సార్. నేను కాదన్నానా? అందరూ ఆ మంచి మాటే విన్నారు. షార్ట్‌గా రాశారు. ఎంత షార్ట్ అంటే "డు నాట్ చేంజ్". మార్చొద్దు. అంతే. ఆ ముక్క అందరికీ వచ్చు, తప్పు పోయే భయం లేదు, చార్టు మీద పచ్చ పడుతుంది. ఒకరిని చూసి ఒకరు. వైరింగు వాళ్ళ ఫైళ్ళలో డు నాట్ చేంజ్. డిస్‌ప్లే వాళ్ళ ఫైళ్ళలో డు నాట్ చేంజ్. లిఫ్టు తలుపు తెరుచుకునేటప్పుడు టింగుమంటుంది చూడండి, ఆ టింగు పైన కూడా డు నాట్ చేంజ్ అని రాసి ఉంది. (నవ్వులు) నవ్వండి, నేనూ నవ్వాను అప్పుడు. మన ఇంట్లో ప్రతి గది తలుపు మీదా ‘లోపలికి రావద్దు’ అని రాస్తే ఏమవుతుంది? ఎవడూ ఆగడు. ఆ గదుల్లో ఒకదాంట్లో కరెంటు తీగ తెగి వేలాడుతుందని ఎవడికి తెలుస్తుంది?

బ్రేకు ప్రోగ్రాములో ఒకచోట నాలుగు సెకన్లు ఆగమని ఉండేది. కరెంటు పోయి వచ్చాక లిఫ్టు వెంటనే కదలకుండా నాలుగు సెకన్లు ఊరికే నిలబడుతుంది. దాని పైన మేడమ్ రాసింది నాకు నోటికి వచ్చు. చెప్తా వినండి. "పాత లిఫ్టుల్లో మెకానిక్కు పైన ఎక్కి, నేనిక్కడున్నానని చెప్పే స్విచ్చు వేసుకున్నా, కరెంటు వచ్చిన వెంటనే ఆ కబురు ఇక్కడికి చేరదు. వైరు పాతది, కాస్త ఆలస్యంగా చేరుతుంది. ఆ కాస్తలో కదిలితే మనిషి పోతాడు. లిఫ్టు మొద్దుబారిందని తిట్లు వస్తాయి, రానీయండి. ఈ నాలుగు సెకన్లు లిఫ్టువి కావు, పైనున్న మనిషివి."

ఇది ఇంగ్లీషులో ఏమైందో తెలుసు కదా. "డిలే. డు నాట్ చేంజ్."

ఆ తర్వాత కస్టమర్లు గోల పెట్టారు, కరెంటు వచ్చినా లిఫ్టు కదలదేంటి, నిద్రపోతోందా అని. ఆ పని కొత్తాయనకి ఇచ్చారు. ఆయన చూశాడు. డు నాట్ చేంజ్ అని ఉంది. పక్కనున్నవాణ్ణి అడిగాడు కూడా, దీన్ని మార్చొచ్చా అని. "ఓ, అదా, అది అన్నిటి మీదా ఉంటుంది లెండి" అన్నాడు పక్కనున్నవాడు. వాడి పేరు నేను చెప్పను, ఆ కుర్చీలో ఎవరున్నా అదే అనేవారు. కొత్తాయన నాలుగు తీసి ఒకటి పెట్టాడు. టెస్టింగు రూముకి పంపాడు. అక్కడ ఉన్నవన్నీ కొత్త బోర్డులు, కొత్త వైర్లు. కబురు రెప్ప వేసేలోపు చేరుతుంది. అన్నీ పచ్చ లైట్లే వెలిగాయి.

ఇక చెప్పేదేముంది. ఒక పాత బిల్డింగులో మా బావ లిఫ్టు నెత్తిన ఎక్కి తాళ్ళకి గ్రీజు రాస్తున్నాడు. స్విచ్చు వేసుకున్నాడు, పద్ధతి ప్రకారం అన్నీ చేశాడు. కరెంటు పోయింది. ఎప్పట్లాగే అక్కడే చతికిలబడి, కిందనున్న హెల్పరుతో, టీ తెప్పించరా, నేనెక్కడికీ పోను అని జోకేశాడట. కరెంటు వచ్చింది. కదిలింది.

నడుము విరిగింది. ఎడమ కాలు తీసేశారు. రెండోది ఉంది కానీ ఆయనకి తెలియట్లేదు, గిల్లినా తెలియట్లేదు. అక్క రోజూ ఆస్పత్రికి వెళ్ళి ఆ కాలికి నూనె రాస్తుంది. ఆయన పైకప్పు చూస్తూ పడుకుంటాడు. మొన్న నన్ను పిలిచి అడిగాడు, "ఒరేయ్, నేను పైన ఉన్నానని దానికి తెలియలేదా?" అని. ఏదో పెంపుడు కుక్క కరిచినట్టు అడిగాడు. తెలిసేలోపే కదిలింది బావా అన్నాను. "ఇన్నేళ్ళూ ఆగిందిగా మరి?" అన్నాడు. అప్పుడు ఈ నాలుగు సెకన్ల కథంతా చెప్పాను. "ఇన్నాళ్ళూ నేను తాడు పట్టుకుని నిలబడ్డాననుకున్నా, ఆవిడ నన్ను పట్టుకుని నిలబడిందా?" అన్నాడు.

అక్క అట్లా కాదు. ఇవాళ బయల్దేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడింది. "ఆవిడ సభకి వెళ్తున్నావా? ఆవిణ్ణి పొగడ్డానికా? సిగ్గు లేదురా నీకు? ఆ పక్కమీద ఉన్నది నీకేమీ కాదా?" అంది. చెప్పులు వేసుకుని వచ్చేశాను. అందుకే మేడమ్, నేను మీ తరఫున ఊరికే మాట్లాడుతున్నాననుకోకండి. మిమ్మల్ని తిట్టడానికి ఈ గదిలో అందరికంటే ఎక్కువ హక్కు మా ఇంటికే ఉంది. అయినా నేను తిట్టట్లేదు.

హెడ్డాఫీసు వాళ్ళు విచారణ చేశారు. రిపోర్టు వచ్చింది. కారణం ఏమని రాశారంటే, ‘సంబంధిత ఇంజినీరు హెచ్చరికను స్పష్టంగా రాయలేదు’ అని. దాని కిందే ఇంకో ముక్క, ఇలాంటివి మళ్ళీ జరక్కుండా మన భాషలో మిగిలిన పాత నోట్సన్నీ తీసేయాలి అని. అంటే రోగం ఒక చోట, కోసేది ఇంకో చోట. ఆ రిపోర్టు కింద మేడమ్ సంతకం పెట్టాలి, ఔను ఇది నా తప్పే అని. పెడితే అయిపోతుంది. ఎవరూ ఇంకేం అడగరు. ఆ చార్టు ఎవరు పెట్టారు, ఆ నెల గడువు ఎవరు పెట్టారు, ఏదీ అడగరు. ఈవిడ ఒక గోడగడియారం పట్టుకుని, పూలగుత్తి పట్టుకుని ఇంటికెళ్ళిపోతారు, సర్వీసు ఇంకా ఉండగానే రిటైరయ్యి.

నిన్న మెట్ల దగ్గర మీరేమన్నారు? "నాకు రాదని ఒక్క మాట చెప్పలేకపోయాను రా. ఇంత వయసొచ్చి, ఇంత పేరొచ్చి, పిల్లల ముందు నాకు ఇంగ్లీషు రాయడం రాదని ఎట్లా చెప్పను? ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మీ బావ నడిచేవాడు" అన్నారు.

(మేడమ్ తల దించుకున్నారు)

చెప్పేశాను. క్షమించమని అడగను. ఎందుకంటే ఆ మాట ఈ గదిలో ఎవరు చెప్పారు మేడమ్? అన్ని ఫైళ్ళలో డు నాట్ చేంజ్ అని రాసినవాళ్ళంతా నాకు ఇంతకంటే రాదు అని చెప్పినట్టే కదా, చెప్పకుండా. కొత్తాయన చెప్పాడా? ఆయనకీ సొంత భాష ఉంది, ఇంట్లో వాళ్ళమ్మతో ఫోనులో మాట్లాడేటప్పుడు చూడండి, చేతులు తిప్పుకుంటూ, నవ్వుకుంటూ, ఇంకో మనిషి. ఇక్కడికొస్తే ఎస్, నో, ఓకే. ఆయన అడగాలనుకున్నది ఇంతే అడిగాడు, మీరు చెప్పాలనుకున్నది ఇంతే చెప్పారు. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ తెలిసినవాళ్ళే, ఇద్దరి మధ్యా ఉన్న భాషలో మాత్రం మూడు ముక్కలే పట్టాయి. మా బావ ఆ మూడు ముక్కల్లో పట్టలేదు.

పోనీ, ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, పక్కన ఈ గుమాస్తా అన్నని పెట్టి, ఇప్పుడు చెప్తున్నట్టే చెప్పించి ఉంటే ఏం పోయేది? మీరు మన భాషలో రాసింది మన భాషలోనే ఉంచి, దాని కింద ఇంగ్లీషు రాయిస్తే ఏం పోయేది? చార్టు కాస్త నెమ్మదిగా పచ్చబడేది. అంతే కదా సార్.

(పెద్ద సారు గడియారం చూశారు)

ముగిస్తున్నా సార్. నాకు కావలసింది ఒక్కటే. మేడమ్, ఆ సంతకం పెట్టకండి. అందరి ముందూ అడుగుతున్నా. మిమ్మల్ని ఏమీ అనకూడదని కాదు, మీరు కూడా చెప్పాల్సింది చెప్పలేదు, సరే. కానీ మీరొక్కరే అని రాసినదాని కింద పెట్టకండి. మీరు పెట్టేస్తే రేపు పొద్దున్న ఇంకోడు ఇంకో నాలుగు సెకన్లు చూసి, ఇవి ఎవరివో తెలియక ఒకటి చేస్తాడు. వాడి తప్పూ ఉండదు. పైనున్నవాడి తప్పూ ఉండదు. టీ అయ్యాక కాగితం మీ ముందు పెడతారట కదా, దాన్ని వెనక్కి తోసెయ్యండి. నా భాషలో రాసుకొస్తా, అప్పుడు చదివి పెడతా అనండి. చాలు. మా బావ కూడా అదే చెప్పి పంపాడు. ఆయన తరఫున కూడా అడుగుతున్నా, ఈ ఒక్కటి...

(మేడమ్: "పొద్దున్నే పెట్టేశాను రా. వాళ్ళు రాగానే అడిగారు. నువ్విట్లా మాట్లాడతావనే ముందే పెట్టేశాను. ఇక చాలు, కూర్చో నాయనా.")

పొద్దున్నేనా?

మరి ఇంతసేపూ... సరే.

గుమాస్తా అన్నా, ఇది కూడా చెప్పావా ఆయనకి? చెప్పు. పొద్దున్నే పెట్టేశారట అని చెప్పు.

ఏం లేదు సార్, అయిపోయింది. ఆస్పత్రిలో చూడనిచ్చే టైము దాటిపోతుంది, దాటితే లోపలికి వదలరు. బావ గుమ్మం వైపే చూస్తుంటాడు, ఏమైందిరా అంటాడు. పిలిచి మైకు ఇచ్చినందుకు, ఇంతసేపు విన్నందుకు అందరికీ దండాలు. మేడమ్, మీరు... మీకు... నాకు ఇంకేమీ రావట్లేదు, మన భాషలో కూడా. నేను వెళ్ళాలి. సెలవు.